నిర్ధూమ వ్యసనము: యువజనులు ఈ-సిగరెట్టును ఏల చేపట్టుచున్నారు?

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠము)



ఈ ఉపన్యాసనిధి యెవరి స్మృతికై నెలకొన్నదో ఆ మహనీయుడు జీవితమంతయు పాఠశాలలో గడపిన ఉపాధ్యాయుడు. తన పేర జరుగు సభలో తన్ను పొగడుటకై కాలము వెచ్చింపవలదనియు, బడిపిల్లలకును కళాశాల విద్యార్థులకును సంబంధించిన ప్రశ్న నొక్కదానిని తీసికొని యేటేట విచారింపవలెననియు ఆయన వ్రాసిపెట్టిన నియమమును శిరసావహించి, నమస్కారమాత్రముతో ఆ స్మృతికి అంజలి ఘటించి, నేను విషయమునకు వచ్చుచున్నాను.

నేటి ప్రశ్న చూచుటకు చిన్నది. పొగత్రాగుట ప్రాణాపాయకరమని పసితనమునుండియు వినుచు, సిగరెట్టు పెట్టెలమీద క్యాన్సరు బొమ్మలను చూచుచు పెరిగిన తరము, తన తాతలు విడువలేక విడువలేక విడిచిన నికొటిన్ను ఈ-సిగరెట్టు రూపమున మరల ఏల చేతికి తీసికొన్నది? పెద్దలు దీనికి చెప్పు సమాధానములు మనకు వాడుకయైనవే. క్రమశిక్షణ లోపించినదని కొందఱు, సహవాసదోషమని కొందఱు, చేతిలో డబ్బు మెండైనదని మఱికొందఱు చెప్పుదురు. ఈ సమాధానములన్నియు పిల్లవాని స్వభావమునే పరీక్షించును గాని వాని చేతిలోని వస్తువును ఒక్కటియైనను పరీక్షింపదు. నేను మొదట వస్తువును పరీక్షించి, పిదప పిల్లవాని యొద్దకు వచ్చెదను. అట్లు చూచినచో, మొదలుపెట్టుటకు కారణము వేఱనియు, మానకుండుటకు కారణము వేఱనియు తేటపడును. ఈ రెంటిని కలిపివేయుటవలననే మన ఉపదేశములు గుఱి తప్పుచున్నవని నా మనవి.

పొగాకు కథను తెలుగువారికి పరదేశులు వచ్చి చెప్పనక్కఱలేదు. గోదావరి లంకలలో పండిన ఆకుతో చుట్టిన చుట్ట మన తాతలకు నిత్యసహచరము. ఆ పొగ క్షారగుణము కలది. గొంతు దాటబోవుసరికి దగ్గు పుట్టించునది. అందుచేత చుట్ట కాల్చువారు సామాన్యముగా పొగను నోటనే నిలిపి, నోటిపొరల గుండ నికొటిన్ను గ్రహించి, పొగను బయటికి వదలివేయుదురు. అంతమాత్రమున అది నిరపాయమైనది కాదు. శ్రీకాకుళ విశాఖపట్టణ ప్రాంతములలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని స్త్రీలు అడ్డపొగ త్రాగు అలవాటునకును, అంగిటి క్యాన్సరునకును గల సంబంధమును మన వైద్యులు 1950ల దశకములోనే వైద్యపత్రికలలో ప్రకటించి యున్నారు. అయినను చుట్టపొగ ఊపిరితిత్తులలోనికి లోతుగా దిగుటకు మానవకంఠమే అడ్డుపడుచుండెననుట గమనింపదగిన విశేషము. నా విచారణయంతయు ఆ అడ్డునుగూర్చినదే.

1920ల దశకములో గుంటూరు సీమ నల్లరేగడిలో వర్జీనియా పొగాకు పాదుకొన్నది. పచ్చియాకును కఱ్ఱలకు కట్టి, బ్యారను అను కొట్టములో వరుసలుగా వ్రేలాడదీసి, పొయ్యివేడిని గొట్టముల గుండ పంపి, కొలది దినములలోనే దానిని పసుపువన్నెకు తెచ్చు పద్ధతి దానితోపాటు మన పల్లెలలో వ్యాపించినది. ఆ వేడికి ఆకు శీఘ్రముగా ఆరుటచే అందలి చక్కెరలు నశింపక నిలుచును. చక్కెర నిలిచిన ఆకు కాలినపుడు వచ్చు పొగ కొంచెము ఆమ్లగుణము కలదై, గొంతును అంతగా బాధింపక, ఊపిరితిత్తుల అడుగువఱకు దిగిపోవును. అచట విశాలమైన ఉపరితలమున నికొటిన్ రక్తములో కలసి, పది యిరువది సెకనులలో మెదడును చేరును. సిగరెట్టు చుట్టను వెనుకకు నెట్టుటకు ధర, సౌకర్యము, నాగరికతావ్యామోహము మొదలగు హేతువులు పెక్కులు కలవు గాని, ఈ మృదుత్వము లేనిదే అవి చాలియుండెడివి కావు. ఆ పంట వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినది. 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకును, 1976లో గుంటూరున పొగాకు బోర్డునకును కారణమైనది. రైతును నిందించుటకై నేనీ మాట యెత్తలేదు. పొగాకు వ్యాపారచరిత్ర యంతటను సాగిన మార్గము ఒక్కటేయనియు, అది కంఠము పెట్టు అభ్యంతరమును క్రమక్రమముగా తొలగించు మార్గమనియు మన యింటి ఉదాహరణముతో చూపుటకై చెప్పితిని. పిప్పరమెంటు చలువను పొగకు తోడుచేసిన మెంథాల్ సిగరెట్టు ఆ మార్గమున మఱియొక మెట్టు.

ఇంత చేసినను, సిగరెట్టునకును పసివానికిని నడుమ కొందఱు ద్వారపాలకులు మిగిలియే యుండిరి. మొదటి దమ్మునకు వచ్చు దగ్గు ఒక ద్వారపాలకుడు. నిప్పు, బూడిద, వేళ్లకు పట్టిన వాసన, చొక్కాకు అంటిన పొగ తక్కినవారు. వీరందఱికంటె కఠినమైనది తల్లి ముక్కు. పదునాఱేండ్ల కుఱ్ఱవాడు వీధిచివరనే సిగరెట్టు పారవేసి, వక్కపొడి నమిలి యింటికి వచ్చినను ఆ ముక్కును ఏమార్చుట సులభము కాదు. సిగరెట్టు కాలి ముగిసిపోవుననుట సయితము ఒక కాపలాయే. అంతటితో ఒకసారి త్రాగుట పూర్తియైనదని ఆ ముక్క తెలుపును. ఈ కాపలావారిని శాసనకర్తలు నియమింపలేదు. వస్తువు స్వభావమునుబట్టియే వారు ద్వారముకడ నిలిచిరి. ఈ-సిగరెట్టు ఏమిచేసినదని నన్నడిగినచో, ఆ ద్వారపాలకులను ఒక్కుమ్మడి సెలవిచ్చి పంపివేసినదని చెప్పుదును.

విచిత్రమేమనగా, వారిని పంపినవారి సంకల్పము పసివాండ్రను లోనికి రప్పించుట కాదు. 1963లో హెర్బర్ట్ గిల్బర్ట్ అను అమెరికా దేశీయుడు పొగయు పొగాకును లేని సిగరెట్టు నొకదానిని కల్పించి పేటెంటుకై దరఖాస్తు పెట్టెను. ఆ కాలమున దానిని ఎవ్వరును వ్యాపారమునకు తీసికొనలేదు. నలువదేండ్ల పిమ్మట చైనాలోని షెన్‌యాంగ్ నగరమున హోన్ లిక్ అను ఔషధశాస్త్రజ్ఞుడు నేటి ఈ-సిగరెట్టునకు మూలరూపమును నిర్మించెను. ఆయన తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను, ఆయనయు పొగత్రాగువాడే. పొగాకును కాల్చినపుడు పుట్టు తారు, కార్బన్ మోనాక్సైడు మొదలగు విషములే ప్రాణాంతకములు కావున, కాల్చకయే నికొటిన్ను అందింపగలిగినచో మానలేనివారికి మేలగునన్నది ఆ ఊహ. దాని నిర్మాణము సరళము: చిన్న బ్యాటరీ, అది వేడిచేయు తీగచుట్ట, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికొటిన్, రుచిద్రవ్యములు కలసిన ద్రవము. పీల్చినపుడు తీగ వేడెక్కి, ద్రవము సూక్ష్మబిందువుల మేఘమై లోనికి పోవును. నిప్పు లేదు కావున బూడిద లేదు. పొగాకు కాలదు కావున పొగాకు కంపు లేదు.

అయినను తొలినాళ్ల ఈ-సిగరెట్లలో కంఠమను ద్వారపాలకుడు ఇంకను మేలుకొనియే యుండెను. వానిలోని నికొటిన్ క్షారరూపమున నుండుటచే, మోతాదు హెచ్చినకొలది గొంతు మండెడిది. మోతాదు తగ్గించినచో పీల్చువానికి తృప్తి కలుగదు. ఈ చిక్కును విప్పినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున వస్తురూపకల్పన చదివిన జేమ్స్ మోన్‌సీస్, ఆడమ్ బోవెన్ అను ఇరువురు. 2015లో వీరి సంస్థ విపణిలోనికి తెచ్చిన జూల్ అను పరికరములో నికొటిన్ బెంజోయిక్ ఆమ్లముతో కలసి లవణరూపమును పొంది, గొంతునకు సుకుమారమై, అతిహెచ్చు మోతాదులోను దగ్గు రప్పింపక లోనికి దిగజొచ్చినది. మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములకు మించి నికొటిన్ ఉండరాదని ఐరోపా సమాఖ్య నియమము విధింపగా, అమెరికాలో అమ్మిన జూల్ ద్రవములో అది సుమారు 59 మిల్లీగ్రాములు. పరికరములో అమర్చు ఒక్క చిన్న ద్రవపు గుళికలోని నికొటిన్ ఇరువది సిగరెట్ల పెట్టెకు సాటియని ఆ సంస్థయే చెప్పుకొన్నది. బ్యారనులోని వేడిమి వర్జీనియా ఆకునకు చేసిన ఉపకారమునే ఈ ఆమ్లము ద్రవనికొటిన్నునకు చేసినది. తెలుగునేలమీద మొదటి మెట్టును ఎఱిగినవారికి ఈ కడపటి మెట్టు ఆశ్చర్యకరము కాదు.

ఆ పరికరము ఆకృతి పెన్‌డ్రైవు వంటిది, దానిని ల్యాప్‌టాపునకు తగిలించి ఛార్జి చేయవచ్చును, పిడికిలిలో దాచవచ్చును, తరగతిలో ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగిన క్షణములో ఒక దమ్ము పీల్చి చొక్కాచేతిలోనికి ఊదవచ్చును. మామిడి, పుదీనా, దోస, పండ్లరసముల రుచులలో గుళికలు దొరకెను. పండ్లరుచుల సిగరెట్లు పిల్లలను ఆకర్షించునని 2009లోనే అమెరికా ప్రభుత్వము శాసనము చేసి వానిని నిషేధించి యుండినను, ఆ నిషేధము ఈ-సిగరెట్టును అంటలేదు. ప్రథమ ప్రచారములో రంగురంగుల వెనుకతెరలమీద పడుచువారు నర్తించిరి. సంస్థ ఇచ్చిన ప్రకటనలకంటె వేగముగా పిల్లలే తమ చిత్రములను, వీడియోలను సామాజిక మాధ్యమములలో పంచుకొనిరి. పాఠశాలల శౌచాలయములు పీల్చువారికి సమావేశస్థలములైనవి. అమెరికా ప్రభుత్వము ఏటేట జరుపు సర్వేలో, గడచిన ముప్పది దినములలో ఈ-సిగరెట్టు వాడితిమని చెప్పిన హైస్కూలు విద్యార్థులు 2011లో నూటికి 1.5, 2017లో 11.7, 2018లో 20.8, 2019లో 27.5. 2018 సెప్టెంబరులో ఆ దేశపు ఆహార ఔషధ పాలనాధికారి స్కాట్ గాట్‌లీబ్ దీనిని మహమ్మారియని పిలిచెను. ఆ డిసెంబరులోనే మార్ల్‌బరో సిగరెట్లను అమ్ము ఆల్ట్రియా సంస్థ 1,280 కోట్ల డాలర్లు పోసి జూల్ లో 35 శాతము వాటాను కొన్నది. పొగమాన్పించుటకై పుట్టితినని చెప్పుకొన్న వస్తువును పొగ యమ్మువాడే అంత ధరకు కొనుటలో గల అర్థమును సభాసదులు నాకంటె బాగుగ గ్రహింపగలరు.

ఒక్క సంవత్సరములో ఒక దేశపు పిల్లల స్వభావము మారిపోదు. 2017 నాటి పదునాఱేండ్లవారికంటె 2018 నాటి పదునాఱేండ్లవారు రెట్టింపు అవిధేయులై పుట్టియుండరు. కావున మారినది వస్తువేయని నిశ్చయించి, ఇప్పుడు పిల్లవాని యొద్దకు వత్తము.

మొదటిసారి ఏల పీల్చితివని అడిగినపుడు పిల్లలు ఏమి చెప్పుచున్నారు? 2021 నాటి అమెరికా సర్వేలో, ఎప్పుడైనను ఈ-సిగరెట్టు వాడిన విద్యార్థులలో నూటికి సుమారు 58 మంది చెప్పిన కారణము, స్నేహితుడు వాడుచుండెననుట. సుమారు 48 మంది చెప్పినది కుతూహలము. ఇందులో మనకు వింత యేమియు లేదు. గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము వేంకటేశమునకు ఆంగ్లవిద్యకంటె శ్రద్ధగా చుట్ట కాల్చుట నేర్పెను. శిష్యునకు ఆ గురువునందు గల ఆకర్షణములో ఆ చుట్టకును పాలు కలదు. పెద్దవాడనైతినని తోచుట, తోటివారి గుంపులో స్థానము దొరకుట, ఇంటిలో చెప్పరాని రహస్య మొకటి తనకంటూ కలుగుట: ఇవి యౌవనారంభమున సర్వకాల సర్వదేశములందు ఉన్న తృష్ణలే. కాని ఆ తృష్ణ వేంకటేశమును చుట్టవైపు నెట్టినపుడు చుట్టయే కొంత ప్రతిఘటించెడిది. నేటి పిల్లవానికి స్నేహితుడు ఇచ్చునది మామిడిపండు రుచిగల మేఘము, అది ప్రతిఘటింపదు. పైగా అది హానికరమని వానికి తోచదు. 2018లో ట్రూత్ ఇనిషియేటివ్ అను సంస్థ ప్రకటించిన అధ్యయనములో, జూల్ వాడు యువజనులలో నూటికి 63 మందికి అందులో ఎల్లప్పుడును నికొటిన్ ఉండునన్న సంగతియే తెలియదని తేలినది. సిగరెట్టు చెడ్డదని వారికి మనము నేర్పిన పాఠము వ్యర్థము కాలేదు. ఇది సిగరెట్టు కాదు గదా యని ఆ పాఠమునుండియే వారు ఆశ్వాసము తెచ్చుకొనిరి.

కావున మొదలుపెట్టుటకు గల కారణములు తేలికవి. వానిలో పాపము లేదు, పతనము లేదు, ఒకానొక సాయంకాలపు కుతూహలము కలదు. ఇచటనే మన విచారణ ఆగినచో, కుతూహలము తీఱినపిమ్మట పిల్లవాడు ఆ వస్తువును పారవేయవలెను. అట్లు పారవేసినవారును పెక్కుమంది కలరు. పారవేయనివారి కథ వేఱు.

2021 నాటి ఆ సర్వేలోనే ప్రస్తుతము వాడుచున్న విద్యార్థులను ఏల వాడుచున్నారని అడుగగా, సమాధానముల వరుస తలక్రిందులైనది. స్నేహితుడును కుతూహలమును వెనుకబడి, ఆందోళన, ఒత్తిడి, దిగులు అను కారణము నూటికి 43 మందికి పైగా నోట వినవచ్చినది. నికొటిన్ ఇచ్చు మత్తుకై, అనగా వారు బజ్ అని పిలుచు తలతిరుగుడుకై, అని సుమారు అంతమందియే చెప్పిరి. ఆరంభమున వెనుకనున్న ఈ ఆందోళన నడుమ ఇంత ముందునకు ఎక్కడినుండి వచ్చినది?

కొంత నిజముగా ముందే యున్నది. పరీక్షల భారము, ఒంటరితనము, తోటివారితో ఎడతెగని పోలిక, ఇంటిలోని కలహములు అమెరికా పిల్లలకైనను మన పిల్లలకైనను కల్పితములు కావు. వానిని త్రోసిపుచ్చుట పెద్దలకు తగదు. అయితే మిగిలిన పాలు ఆ వస్తువు తెచ్చిపెట్టినదే. నికొటిన్ మెదడులోని గ్రాహకములను తాకి డోపమైన్ వెలువడజేయును. పలుమార్లు అట్లు జరిగిన పిమ్మట గ్రాహకముల సంఖ్య హెచ్చి, నికొటిన్ అందని గడియలలో మెదడు దానికై వెదకును. ఆ వెదకులాటయే చిఱాకు, గుండెదడ, మనసు నిలువకపోవుట, నిదురపట్టకపోవుట. అప్పుడొక దమ్ము పీల్చినచో అవి సర్దుకొనును. సర్దుకొనగానే పిల్లవాడు, ఇది నా ఒత్తిడిని తీర్చుచున్నదని నమ్మును. ఆ ఒత్తిడిలో పెద్దభాగమును గడచిన దమ్మే పెట్టినదని వానికి తోచుట దుర్ఘటము. ఏలయన సహజమైన ఒత్తిడియు, నికొటిన్ అందక పుట్టిన ఒత్తిడియు అనుభవమున ఒక్క తీరుననే యుండును. మెదడు సుమారు ఇరువదియైదేండ్ల వఱకు పెరుగుచుండుటచే ఈ బంధము లేతవయసున త్వరగా బిగియును. దీనికి తోడు, సిగరెట్టువలె ముగిసిపోవు ముక్క లేదు గనుక, దిండుక్రింద పెట్టుకొని నిదుర లేవగానే పీల్చువారును, రాత్రి మేల్కాంచి పీల్చువారును తయారగుదురు.

ఇప్పుడు మన ఉపదేశము ఏల గుఱి తప్పుచున్నదో చూడుడు. పట్టుబడిన పిల్లవాని నెదుట నిలిపి, ఎవడు నేర్పెను, ఏ స్నేహితుడు చెడగొట్టెను, నీకేమి లోటు చేసితిమి అని మనము అడుగుదుము. ఆ ప్రశ్నలన్నియు ఆరంభమునకు సంబంధించినవి. పిల్లవాడు ఆరంభమును దాటి చాలదూరము వచ్చియున్నాడు. వానికి కావలసినది మానుటకు సాయము. మనము ఇచ్చునది మొదలుపెట్టినందులకు శిక్ష. డల్లాస్ శివారులలోను, న్యూజెర్సీలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఈ చిక్కు మఱింత బలీయము. తలిదండ్రులు వ్యసనమనగా తమ యూరిలో చూచిన చుట్ట, బీడి, సిగరెట్టులను తలంతురు. వాసన పసిగట్టుట యొక్కటే వారు నేర్చిన పరీక్ష. మార్కులు చక్కగా తెచ్చుకొనుచు, ఒడలినుండి ఏ కంపును రాని బిడ్డ నికొటిన్నునకు కట్టుబడియున్నదని పాఠశాలనుండి వచ్చిన ఫోను చెప్పినపుడు, వారికి ముందు కలుగునది అపనమ్మకము, తరువాత పరువుభయము. ఆ భయమువలన బిడ్డ రహస్యము మఱింత లోతునకు పోవును.

ప్రతిపక్షమును వినక తీర్పు చెప్పుట న్యాయము కాదు. పెద్దవారిలో సిగరెట్టు మానలేనివారికి ఈ-సిగరెట్టు ఉపకరించునను వాదమునకు బలమున్నది. కాల్చుటవలన పుట్టు విషములు ఇందులో చాల తక్కువ. నికొటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ములకంటె ఇది ఎక్కువమందిచేత సిగరెట్టు మాన్పించినదని పలు పరీక్షలను సమీక్షించిన కాక్రేన్ అను వైద్యసమీక్షాసంస్థ పండితులు తేల్చిరి. బ్రిటన్ ప్రభుత్వము పొగత్రాగువారిని దీనికి మారుడని ప్రోత్సహించినది. ఆ బ్రిటనే, పిల్లలలో వాడుక పెరుగుట చూచి, ఒక్కసారి వాడి పారవేయు పరికరముల అమ్మకమును 2025 జూన్ 1వ తేదీనుండి నిషేధించినది. ఏబదియేండ్ల పొగత్రాగువానికి మేలైనది, ఎన్నడును పొగ ముట్టని పదునాఱేండ్లవానికి కీడగుటలో వైరుధ్యము లేదు. మందునకు పాత్రాపాత్రత యుండుననుట మన వైద్యులకు క్రొత్త కాదు. అపాత్రునకు అందకుండ కాపాడుటకై మందునకు చీటీ, దుకాణము, వైద్యుడు అని అంచెలు కలవు. ఈ వస్తువు అట్టి అంచె యేదియు లేక పుదీనా రుచితో వీధిలోనికి వచ్చినది.

అమెరికా అవలంబించిన ప్రతిక్రియలు మనకు పాఠములు. 2019 వేసవిలో ఈ-సిగరెట్లు వాడు యువకులు ఊపిరితిత్తులు హఠాత్తుగా చెడి ఆసుపత్రులలో చేరజొచ్చిరి. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది చేరగా 68 మంది మరణించిరి. దానికి ముఖ్యహేతువు దొంగబజారున అమ్మిన గంజాయిసారపు ద్రవములలో కల్తీగా చేరిన విటమిన్ ఈ ఎసిటేట్ అని తేలినది. అయినను దేశము ఉలికిపడినది. 2019 జూలైలోనే భారతసంతతివాడైన రాజా కృష్ణమూర్తి అధ్యక్షతను ప్రతినిధిసభ ఉపసంఘము జూల్ స్థాపకుని పిలిపించి ప్రశ్నించెను. డిసెంబరులో పొగాకు వస్తువుల కొనుగోలుకు కనీసవయస్సు ఇరువదియొకటిగా శాసనమైనది. 2020 ఆరంభమున గుళికలలో పండ్లరుచులను నిలిపివేసిరి; కాని వాడి పారవేయు పరికరములను ఆ ఆజ్ఞ తాకలేదు. ఫలితముగా, ఈ-సిగరెట్టు వాడు హైస్కూలు పిల్లలలో పారవేయు రకమును వాడువారు ఒక్క యేటిలో నూటికి 2.4 నుండి 26.5కు ఎగబ్రాకిరి. ఒక్క సందు విడిచినను మృదుత్వము ఆ సందునుండియే ప్రవహించును. పిల్లలకు అమ్మజూపినదన్న అభియోగములపై జూల్ సంస్థ 2022 సెప్టెంబరులో ముప్పదికి పైగా రాష్ట్రములతో 43 కోట్ల 85 లక్షల డాలర్లకును, 2023 ఏప్రిల్‌లో మఱి ఆఱు రాష్ట్రములతోను రాజధానీ మండలముతోను 46 కోట్ల 20 లక్షల డాలర్లకును రాజీపడినది.

ఈ యత్నములకు ఫలము లేకపోలేదు. 2024 నాటి సర్వేలో మిడిల్, హైస్కూలు విద్యార్థులందఱిలో వాడువారు నూటికి 5.9కి తగ్గిరి, హైస్కూలువారిలో 7.8కి. ఇది సంతోషింపదగిన వార్త. అయితే ఆ మిగిలినవారిలో నూటికి 26 మంది ప్రతిదినము వాడువారు. సుమారు 88 మంది రుచులు కలిపినదానినే వాడువారు. ఆరంభమును అడ్డగించుటలో శాసనము కొంత గెలిచినది. ఆరంభించినవారిని విడిపించుట మిగిలియే యున్నది. ఆరంభమునకును మానకుండుటకును నడుమ నేను మొదట చేసిన విభజనను ఈ సంఖ్యలకంటె స్పష్టముగ చెప్పు వాక్యము నాకు దొరకదు.

మన దేశము వేఱుదారి త్రొక్కినది. 2016-17 నాటి జాతీయ సర్వేలో వయోజనులలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడువారు కాగా, ఈ-సిగరెట్టు వాడువారు నూటికి 0.02 మాత్రమే. అలవాటు వేరూనకముందే త్రుంచవలెనను తలంపుతో 2019 సెప్టెంబరు 18న కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు నిశ్చయింపగా, దానిని పత్రికలకు ప్రకటించినవారు మన తెలుగింటి కోడలైన నిర్మలా సీతారామన్ గారు. డిసెంబరులో అది చట్టమైనది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకము, నిల్వ, ప్రకటన అన్నియు నేరములు. నిల్వ కాక తక్కినవానిలో మొదటి తప్పునకు ఒక యేడాది వఱకు జైలు గాని లక్షరూపాయల వఱకు జరిమానా గాని రెండును గాని. మరల చేసినచో మూడేండ్ల వఱకు జైలు, అయిదు లక్షల వఱకు జరిమానా. ఈ చట్టములో వాడువానికి వాడినందులకై శిక్ష లేదు. ఇందులోని వివేకమును మనము సరిగా చదువుకొనలేదని నా అభిప్రాయము. చట్టము అమ్మువానిని దోషిగా నిలిపినది. పాఠశాలలును తలిదండ్రులును పిల్లవానిని దోషిగా నిలుపుచున్నారు. అయినను వస్తువు దొంగదారిన నగరములకు చేరుచునే యున్నందున, ఉల్లంఘనలను పౌరులు తెలుపుటకై కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 2023లో ఒక పోర్టలును తెరువవలసివచ్చినది.

అయినచో చేయదగినది యేమి? నా దృష్టికి తోచినవి రెండు. ఆరంభమునకు సంబంధించిన పోరాటమును పెద్దలు వస్తువుతోను విక్రేతతోను చేయవలెను: పాఠశాలల చుట్టుపట్టుల ఎవరు అమ్ముచున్నారో కనిపెట్టి ఫిర్యాదు చేయుట, రుచులు, రంగులు, పారవేయు పరికరములు అను సందులను పూడ్చుట, ఈ మేఘములో నికొటిన్ ఉన్నదను సంగతిని పదునాలుగేండ్లకు ముందే పిల్లలకు కథలు చెప్పక శాస్త్రము చెప్పినట్లు చెప్పుట. మానకుండుటకు సంబంధించిన పోరాటమును పిల్లవానితో కలసి, వాని పక్షమున నిలిచి చేయవలెను. దీనికి నిదర్శనము కలదు. అమెరికాలో ట్రూత్ ఇనిషియేటివ్ వారు పేరు అడుగక, మందలింపక, ఫోనునకు చిన్నచిన్న సందేశములు పంపుచు మానుటకు తోడ్పడు కార్యక్రమమును పదుమూడు మొదలు పదునేడేండ్ల వారిపై పరీక్షింపగా, ఏడు నెలల పిమ్మట ఆ సందేశములు అందినవారిలో నూటికి 37.8 మంది, అందనివారిలో నూటికి 28 మంది మానియుండిరని 2024లో ప్రకటితమైనది. చేతిలో ఫోనున్న పిల్లవానికి ఆ ఫోనులోనుండియే ఒక మంచిమాట పోవుట పెద్దవ్యయము కాదు. మన దేశమున పొగాకు మానగోరువారికై 1800-11-2356 అను సంఖ్యతో ఉచిత ఫోను సేవ కలదు; అది సిగరెట్టు పెట్టెమీద నున్నది గాని పాఠశాల గోడమీద లేదు. దానిని గోడమీదికి తెచ్చుటకు ఏ శాసనమును అక్కఱలేదు.

పట్టుబడిన పిల్లవానిని బడినుండి వెడలగొట్టుట సులభము. వాడు వెడలిన దినమున బడికి పేరు దక్కును, పిల్లవానికి మాత్రము స్నేహితులు, దినచర్య, మంచి ఉపాధ్యాయుడు అను మూడు ఆధారములు ఒక్కసారి పోవును, వ్యసన మొక్కటి మిగులును. ఈ ధర్మనిధి ఎవరి పేర నిలిచినదో ఆ ఉపాధ్యాయుని వృత్తిలో నున్నవారు ఈ సభలో పెక్కుమంది యున్నారు. వారికి నా విన్నపము: ఈసారి అట్టి బిడ్డ మీ యెదుటికి వచ్చినపుడు, ఎవడు నేర్పెనని అడుగుటకు ముందు, పీల్చక ఎంతసేపు ఉండగలవని అడుగుడు. మొదటి ప్రశ్నకు వాడు అబద్ధము చెప్పును. రెండవదానికి నిజము చెప్పును, ఏలయన ఆ లెక్కను వాడు ఇదివఱకే తనలో తాను వేసికొని భయపడియున్నాడు. వైద్యుడు మొదలుపెట్టవలసినది ఆ నిజమునుండియే. తల్లియు, తండ్రియు, బడియు సయితము అక్కడనుండియే మొదలుపెట్టవలెను.